బొమ్మ కొలత, పుట హద్దు: అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్లలో చిత్రపరిమాణ చరిత్ర

తాళపత్ర ప్రతుల లేఖన పద్ధతిని గురించి రాస్తున్న ఒక అధ్యాయంలో ఈ వ్యాసకర్త రెండు తాటాకుల ఛాయాచిత్రాలను ఒకే పుటలో, ఒకదాని కింద ఒకటిగా చేర్చవలసి వచ్చింది. రెండూ ఒకే కావ్యానికి చెందిన ఆకులు, ఒకే గ్రంథాలయంలోనివి. మొదటి ఆకు పొడవు 46 సెంటీమీటర్లు, రెండవది 32. పుటలో పంక్తి వెడల్పు 11 సెంటీమీటర్లు. రెండు బొమ్మలకూ ‘పంక్తి వెడల్పుకు సరిపెట్టు’ అనే ఒకే ఆదేశం ఇచ్చి అచ్చు తీయగా, రెండవ ఆకు మీది అక్షరాలు మొదటి ఆకు అక్షరాలకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దవిగా కనిపించాయి. ఆ అచ్చును ఎదుట పెట్టుకొని రాసిన చిత్తుప్రతిలో ఈ ఆకులు ఇద్దరు లేఖకుల చేతివి కావచ్చునన్న ఊహ ఒక వాక్యంగా చేరిపోయింది. కొన్ని వారాల తరువాత అసలు ఆకులను కొలిచి చూస్తే రెండింటిలోనూ అక్షరం ఎత్తు సుమారు 5 మిల్లీమీటర్లే. అచ్చులో మొదటి ఆకు అక్షరం 1.2 మిల్లీమీటర్లకూ, రెండవ ఆకు అక్షరం 1.7 మిల్లీమీటర్లకూ కుదించుకుపోయాయి. లేఖకుల మధ్య కనిపించిన తేడా గంటం పట్టిన చేతిది కాదు, బొమ్మను పుటలో ఇమిడ్చిన పద్ధతిది.

తప్పు వ్యాసకర్తదే, ఆకులను చూడకుండా అచ్చును నమ్మడం ఏ సాఫ్ట్‌వేరూ నేర్పలేదు. అయినా ‘పంక్తి వెడల్పుకు సరిపెట్టు’ అనే ఆదేశం ఇంత సహజంగా ఎందుకు చేతికి వస్తున్నది, బొమ్మ అసలు కొలత పుటలోకి ఎందుకు రావడం లేదు అన్న ప్రశ్న మిగిలింది. దీనికి సమాధానం అక్షరకూర్పు చరిత్రలో ఉంది. కంప్యూటరు మీద పుటను కూర్చే ప్రక్రియలు అక్షరాన్ని కొలవడంలో చూపిన శ్రద్ధను బొమ్మ మీద చూపలేదు. బొమ్మ కొలతను వేరెవరో చెబితే నమ్మడమే వాటి పద్ధతి అయింది. ఆ చెప్పేవారి మాట నమ్మదగినది కాకపోవడంతో వాడుకరులు కొలతనే వదులుకున్నారు. ఈ క్రమాన్ని, ప్రధానంగా టెక్ అనే కూర్పు వ్యవస్థను ఆధారం చేసుకొని, పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. టెక్‌ను ఎన్నుకోవడానికి కారణం ఒకటే: దాని లోపలి లెక్కలన్నీ దాని కర్త స్వయంగా గ్రంథరూపంలో ప్రకటించాడు గనుక ఊహకు తావులేకుండా చర్చించవచ్చు.

బ్లాకు కాలం

సీసపు అక్షరాల ముద్రణలో బొమ్మ కూడా ఒక దిమ్మ. జింకు రేకు మీద చెక్కించిన చిత్రాన్ని కొయ్య మీద బిగించి, దాని ఎత్తును సీసపు అక్షరం ఎత్తుకు సమం చేసేవారు. ఆంగ్ల, అమెరికన్ ముద్రణాలయాల ప్రమాణంలో ఆ ఎత్తు 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మిల్లీమీటర్లు. దిమ్మ ఒక వెంట్రుకవాసి ఎక్కువైతే చుట్టూ ఉన్న అక్షరాలు సరిగా పడవు, తక్కువైతే బొమ్మే పడదు. పొడవు వెడల్పుల సంగతి బ్లాకు తయారీకి ముందే తేలిపోవాలి. మూల చిత్రాన్ని ఎన్నో వంతుకు తగ్గించాలో దాని వెనుకనో అంచుననో పెన్సిలుతో రాసి బ్లాకు మేకరుకు పంపేవారు. బ్లాకు ధర చదరపు అంగుళాల లెక్కన ఉండేది కాబట్టి ఈ కొలత సంపాదకునికి డబ్బుతో కూడిన విషయం. హాఫ్‌టోన్ బ్లాకు అయితే అంగుళానికి ఎన్ని గీతల తెర వాడాలో కాగితాన్ని బట్టి నిర్ణయించాలి. వార్తాపత్రిక కాగితానికి ముతక తెర, ఆర్టు కాగితానికి సన్న తెర. 1924లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన ‘భారతి’ వంటి పత్రికలు బొమ్మలు వేసింది ఈ పద్ధతిలోనే.

ఈ పద్ధతిలో గమనించవలసినది, తగ్గింపు నిష్పత్తి ఎవరో ఒక మనిషి తెలిసి తీసుకున్న నిర్ణయం కావడం. బ్లాకు తయారయ్యాక దానిని మార్చడం కుదరదు. అందుకే ఆ నిష్పత్తి ఎక్కడో ఒకచోట నమోదయి ఉండేది. తెలుగు పరిశోధకులకు దీనికి దగ్గరి సాక్ష్యం ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాలు. తెలుగు శాసనాల మీద పనిచేసిన ప్రతివారూ ఆ ఫలకాలను చూసే ఉంటారు. శాసనపు అచ్చు ప్రతిబింబం కింద, చాలా ఫలకాలలో, అది అసలులో నాలుగో వంతు అనో ఇంకో వంతు అనో చిన్న అక్షరాలతో ఒక మాట ఉంటుంది. ఆ ఒక్క మాట ఉన్నందువల్ల నేడు ఆ ఫలకం మీద స్కేలు పెట్టి రాతి మీది అక్షరం ఎత్తును లెక్కగట్టవచ్చు. నూరేళ్లనాటి ముద్రణ మనకు ఇచ్చిన ఆ వీలు నిన్న మొన్న కంప్యూటరుతో కూర్చిన అనేక సిద్ధాంత గ్రంథాలలో లేదు. ఈ వ్యాసకర్త చిత్తుప్రతిలోనూ లేదు.

అక్షరానికి అణువంత కొలత

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణకశాస్త్ర ఆచార్యుడైన డొనాల్డ్ నూత్, తన బృహద్గ్రంథం రెండవ సంపుటి రెండవ కూర్పు ప్రూఫులు 1977లో చేతికి వచ్చినప్పుడు, ఫొటో అక్షరకూర్పులో అవి తయారైన తీరుకు అసంతృప్తి చెంది తానే ఒక కూర్పు వ్యవస్థ రాయడానికి పూనుకొన్నాడు. అదే టెక్. తొలి రూపాన్ని పక్కన పెట్టి పూర్తిగా తిరగరాసిన రూపం 1982లో వచ్చింది. నేటికీ వాడుకలో ఉన్నది దాని పరంపరే.

టెక్‌లో ప్రతి వస్తువూ ఒక పెట్టె. పెట్టెకు మూడు కొలతలు: వెడల్పు, ఆధారరేఖకు పైనున్న ఎత్తు, ఆధారరేఖకు కిందనున్న లోతు. వత్తులు కిందికి దిగే మన లిపికి ఈ మూడో కొలత ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. పెట్టె లోపల ఏముందో టెక్‌కు తెలియదు. ‘క’ అయినా ‘క్ష్మ’ అయినా దానికి మూడు సంఖ్యలే. అక్షరం ఆకృతి అచ్చుయంత్రాన్ని నడిపే వేరొక ప్రోగ్రాముకు తెలిస్తే చాలు.

ఆ సంఖ్యల విషయంలో మాత్రం నూత్ అసాధారణమైన పట్టుదల చూపాడు. ముద్రణలో కొలమానం పాయింట్, అంగుళానికి 72.27 పాయింట్లు అని ఆయన స్థిరపరచాడు. ఒక పాయింటును మళ్లీ 65,536 సమభాగాలు చేశాడు. ఆ సూక్ష్మ భాగం కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు నూరో వంతు. ఇంత సూక్ష్మత కంటికి అవసరమై కాదు. 1970లలో ఒక్కొక్క కంప్యూటరు దశాంశ సంఖ్యలను ఒక్కొక్క తీరున సవరించేది. ఒకచోట పంక్తి విరిగిన స్థానం ఇంకొకచోట మారిపోయే ప్రమాదం ఉండేది. అన్ని కొలతలనూ పూర్ణసంఖ్యలుగా ఉంచితే ఏ యంత్రం మీదనైనా ఒకే ఫలితం వస్తుంది. పుస్తకం ఎక్కడ కూర్చినా పంక్తి ఒకేచోట విరగాలన్నది ఆయన ఆశయం.

పూర్ణసంఖ్యకు 32 బిట్ల స్థలం కేటాయిస్తే దానికి ఒక గరిష్ఠ పరిమితి తప్పదు. రెండు కొలతలను కూడినప్పుడు మొత్తం పొంగిపోకుండా నూత్ ఇంకొంత జాగ్రత్త తీసుకొని, ఏ కొలతా 2 యొక్క 30వ ఘాతం సూక్ష్మభాగాలకు చేరకూడదని నియమం పెట్టాడు. దానిని పాయింట్లలోకి మారిస్తే 16,384 పాయింట్లకు వెంట్రుకవాసి తక్కువ, అంటే సుమారు 5.76 మీటర్లు. అంతకుమించిన కొలత ఎదురైతే టెక్ ‘పరిమాణం మరీ పెద్దది’ అన్న అర్థం వచ్చే సందేశంతో ఆగుతుంది. ఐదుముప్పావు మీటర్ల పుటను ఎవరు కూర్చబోతారు? ఆ కాలానికి అది నవ్వుకోదగిన విశాలతే. ఈ హద్దు అక్షరాలను దృష్టిలో పెట్టుకొని గీసినది. పదిహేనేళ్ల తరువాత దీనికి తగులుకొనేది అక్షరం కాదని అప్పుడు ఊహించే అవసరం రాలేదు.

బొమ్మల ప్రస్తావన తొలి టెక్‌లో దాదాపు లేదు. లెస్లీ లాంపోర్ట్ టెక్ మీద నిర్మించిన లేటెక్‌లో గీతలు గీసే ఒక ఏర్పాటు ఉండేది కానీ, అందులో ప్రతి వాలుగీత ముక్కా ఒక ఫాంటులోని అక్షరమే. గీత వాలు నిష్పత్తిని కూడా మైనస్ 6 నుంచి 6 వరకు గల పూర్ణసంఖ్యలతోనే చెప్పాలి. నూత్ 1987లో ఇంకొక ప్రయోగం చేశాడు. వేర్వేరు ముదురుతనం గల చుక్కలను అక్షరాలుగా పెట్టి ఒక ఫాంటు తయారుచేసి, ఛాయాచిత్రాన్ని ఆ చుక్కల పంక్తులుగా, వచనం కూర్చినట్లే కూర్చి చూపించాడు. చమత్కారమైన పని, అక్షరం తప్ప మరొకటి ఎరుగని వ్యవస్థలో బొమ్మ ప్రవేశించాలంటే అది అక్షరవేషం వేయక తప్పలేదని కూడా అది చెబుతుంది.

ఖాళీ పెట్టె, నాలుగు సంఖ్యలు

నూత్ ఒక తలుపు తెరిచి ఉంచాడు. ‘స్పెషల్’ అనే ఆదేశంతో ఇచ్చిన మాటలను టెక్ చదవదు, అర్థం చేసుకోదు. తన ఫలితంలో యథాతథంగా రాసి ముద్రణ ప్రోగ్రాముకు అందిస్తుంది. ‘ఇక్కడ ఫలానా బొమ్మ పెట్టు’ అని అందులో రాయవచ్చు. కానీ ఆ బొమ్మ ఎంత స్థలం పట్టేదీ టెక్‌కు తెలియదు కనుక, వాడుకరి ముందుగానే అంత ఖాళీ వదలాలి. పుట మధ్యలో కిటికీ కోసి పెట్టి, తరువాత ఎవరో వచ్చి పటం తగిలిస్తారని ఎదురుచూడడం వంటిది ఇది. పటం కిటికీకి సరిపోకపోతే పంక్తుల మీద పడేది. పైగా ఒక్కొక్క ముద్రణ ప్రోగ్రాము ఆ ఆదేశాన్ని ఒక్కొక్క వ్యాకరణంలో కోరేది. పుస్తకం ఎక్కడైనా ఒకేలా రావాలన్న ఆశయం బొమ్మ దగ్గర ఆగిపోయింది.

ఈలోగా వేరొక పరిణామం జరిగింది. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కే 1982లో అడోబీ సంస్థను స్థాపించి, పుటను వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ భాషను రూపొందించారు. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ముద్రణయంత్రం, ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్ వచ్చి చేరడంతో బల్లమీది ప్రచురణ మొదలైంది. తెలుగు పుస్తకాలు తరువాతి కాలంలో పేజ్‌మేకర్‌లోనే వేలకొద్దీ తయారైన సంగతి మనకు తెలిసినదే. పోస్ట్‌స్క్రిప్ట్ పాయింటును అంగుళంలో సరిగ్గా 72వ వంతుగా తీసుకున్నది. నూత్ పాయింటుకూ దీనికీ తేడా నూటికి 0.375. స్వల్పమే, కానీ 46 సెంటీమీటర్ల ఆకు మీద 1.7 మిల్లీమీటర్లు వస్తుంది. రెండు పాయింట్లూ నేటికీ పక్కపక్కనే ఉన్నాయి. టెక్‌లో పోస్ట్‌స్క్రిప్ట్ పాయింటును ‘పెద్ద పాయింటు’ అని వేరే పేరుతో పిలుస్తారు.

ఒక పుటలోని బొమ్మను వేరొక పుటలో చేర్చడానికి వీలుగా పోస్ట్‌స్క్రిప్ట్ దస్త్రం మొదట్లో ఒక వ్యాఖ్య రాసే సంప్రదాయం ఏర్పడింది. దాని పేరు బౌండింగ్ బాక్స్, తెలుగులో ఆవరణ చతురస్రం అనవచ్చు. ఎడమ, కింద, కుడి, పైన అంచులు ఎక్కడున్నాయో చెప్పే నాలుగు సంఖ్యలు అందులో ఉంటాయి. అది సాధారణ వచనం కాబట్టి టెక్ దస్త్రాన్ని పంక్తి పంక్తిగా చదివి ఆ నాలుగు సంఖ్యలనూ పట్టుకోగలదు. బొమ్మ లోపల ఏముందో తెలియకపోయినా పెట్టె కొలత తెలిసింది. టెక్‌కు కావలసినదల్లా అదే. టోమస్ రోకికీ, ట్రెవర్ డారెల్ వంటివారు ఈ పని చేసే సూత్రాలు రాశారు. 1994లో కొత్త లేటెక్ వెలువడిన కాలంలో డేవిడ్ కార్లైల్, సెబాస్టియన్ రాట్జ్ కలిసి, ముద్రణ ప్రోగ్రాముల వ్యాకరణ భేదాలన్నిటినీ లోపల దాచి, వాడుకరికి ఒకే ఆదేశం కనిపించేలా గ్రాఫిక్స్ ప్యాకేజీలను కూర్చారు. వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, నిష్పత్తి ఇంత అని చెప్పడం అప్పుడు సులువైంది. వెడల్పు ఒక్కటే చెబితే ఎత్తును అదే లెక్కవేస్తుంది. దశాంశ గణితం లేని టెక్‌లో ఒక కొలతను ఇంకొక కొలతతో భాగించి నిష్పత్తి రాబట్టడానికి వారు పడిన శ్రమ వాడుకరికి కనబడదు.

ఇక్కడే మొదటి చిక్కు ఉంది. ఆ నాలుగు సంఖ్యలు బొమ్మను కొలిచి తేల్చినవి కావు, బొమ్మను తయారుచేసిన ప్రోగ్రాము చెప్పిన మాట. కొన్ని ప్రోగ్రాములు చిన్న బొమ్మకు సైతం కాగితమంత ఆవరణను, ఏ4 కాగితమైతే 595, 842 అనే సంఖ్యలను, రాసి ఊరుకునేవి. అప్పుడు చుట్టూ తెల్లని మైదానం, మధ్యలో తపాలాబిళ్లంత బొమ్మ. వాడుకరులు దస్త్రం తెరిచి ఆ సంఖ్యలను చేత్తో దిద్దుకొన్న రోజులవి. ప్రతిలో లేఖకుడు వేసిన పత్రసంఖ్య తప్పని తేలితే పరిష్కర్త దిద్దినట్లే. కాకపోతే ఇక్కడ దిద్దుబాటును ఎవరూ పాదసూచికలో చెప్పలేదు.

చుక్కకు అంగుళం లేదు

స్కానరుతోనూ డిజిటల్ కెమెరాతోనూ వచ్చిన బొమ్మలతో సమస్య స్వభావమే మారిపోయింది. రేఖలతో కూడిన పోస్ట్‌స్క్రిప్ట్ చిత్రానికి పాయింట్లలో కొలత ఉంటుంది. స్కాన్ చేసిన చిత్రం చుక్కల పట్టిక మాత్రమే. అడ్డంగా ఇన్ని పిక్సెళ్లు, నిలువుగా ఇన్ని. పిక్సెలుకు స్వతహాగా పొడవు లేదు. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే ఒక సంఖ్య, అంటే సాంద్రత, వేరుగా ఉంటేనే బొమ్మకు భౌతిక పరిమాణం ఏర్పడుతుంది. ఆల్డస్ సంస్థ 1986లో ప్రకటించిన టిఫ్ రూపంలో సాంద్రతకు ప్రత్యేక స్థానాలున్నాయి. జేపెగ్ దస్త్రాల శీర్షికలోనూ చోటుంది. 1996లో వచ్చిన పీఎన్‌జీ రూపంలో అది మీటరుకు ఇన్ని పిక్సెళ్లు అనే పూర్ణసంఖ్య. అందుకే అంగుళానికి 300 అన్న సాంద్రత 11,811గా మారి, తిరిగి లెక్కిస్తే 299.9994 అవుతుంది. ఈ పీఎన్‌జీ సమాచారం ఐచ్ఛికం. ఉండవచ్చు, లేకపోవచ్చు. బొమ్మను ఒక ప్రోగ్రాములో తెరిచి ఇంకొక రూపంలో దాచేటప్పుడు చాలాసార్లు జారిపోయేది ఇదే.

టెక్ ఈ దస్త్రాలను చదవలేదు. అవి వచనం కావు. బొమ్మ పరిమాణం తెలియరాలేదన్న సందేశం చూడని లేటెక్ వాడుకరి ఆ రోజుల్లో ఉండడు. చెక్ దేశంలోని బ్ర్‌నో నగరంలో మసారిక్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న వియత్నాం దేశీయుడు హాన్ థే థాన్ 1990లలో పీడీఎఫ్‌టెక్‌ను నిర్మించి ఈ అడ్డంకిని తొలగించాడు. నడుమ ముద్రణ ప్రోగ్రాము లేకుండా నేరుగా పీడీఎఫ్ రాసే వ్యవస్థ గనుక, బొమ్మ దస్త్రాన్ని అదే తెరిచి శీర్షికను చదువుతుంది. 2000లో సమర్పించిన ఆయన పరిశోధన గ్రంథం అక్షరాల మధ్య సూక్ష్మ సవరణల గురించినది. ఇక్కడా విద్వత్తు అక్షరం మీదనే కేంద్రీకృతమై, బొమ్మ ఒక సౌకర్యంగా వచ్చిందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దస్త్రంలో సాంద్రత లేకపోతే పీడీఎఫ్‌టెక్ ఏం చేయాలి? ఏదో ఒక సంఖ్య అనుకోక తప్పదు. వాడుకరి వేరే చెప్పకపోతే అది అంగుళానికి 72 అనుకుంటుంది, అంటే పిక్సెలుకు ఒక పోస్ట్‌స్క్రిప్ట్ పాయింటు. లెక్కకు సులువు. ఫలితం మన ఆకుల విషయంలో చూడవచ్చు. 32 సెంటీమీటర్ల ఆకును అంగుళానికి 600 చొప్పున స్కాన్ చేస్తే 7,559 పిక్సెళ్లు వస్తాయి. సాంద్రత సమాచారం జారిపోయిన ఆ దస్త్రాన్ని ఏ కొలతా చెప్పకుండా చేర్చితే, కూర్పు వ్యవస్థ దృష్టిలో ఆ తాటాకు పొడవు 2.67 మీటర్లు. సాంద్రత భద్రంగా ఉన్న 46 సెంటీమీటర్ల ఆకు మాత్రం 46 సెంటీమీటర్లుగానే వస్తుంది. ఈ వ్యాసకర్తకు అందిన దస్త్రాలు సరిగ్గా ఇటువంటివే: ఒకటి సాంద్రత ఉన్న టిఫ్ నుంచి తీసినది, రెండవది సాంద్రత లేని పీఎన్‌జీ.

స్కాను మరింత సూక్ష్మమైతే నూత్ గీసిన పాత హద్దు అడ్డువస్తుంది. అంగుళానికి 72 అన్న లెక్కలో 16,384 టెక్ పాయింట్లు అంటే సుమారు 16,322 పిక్సెళ్లు. అంగుళానికి 1,200 చొప్పున స్కాన్ చేస్తే అది 34.5 సెంటీమీటర్ల ఆకుతో సరి. అంతకంటే పొడవైన తాటాకు, సాంద్రత చెప్పని దస్త్రంగా వస్తే, కాంతి తరంగాన్ని నూరు భాగాలు చేయగల వ్యవస్థ కొలతకు లొంగదు. మన 46 సెంటీమీటర్ల ఆకు ఆ లెక్కలో 7.67 మీటర్లు. అచ్చుపుటలో అది పట్టేది 11 సెంటీమీటర్లే అయినా, కుదించడానికి ముందు అసలు పరిమాణాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోవాలి కదా. అక్కడే హద్దు దాటుతుంది. ఏనుగును అద్దంలో చూపాలన్నా ముందు అది గుమ్మంలోంచి రావాలన్నట్లుంది ఈ నియమం. 2004లో జోనథన్ క్యూ రూపొందించిన జీటెక్ వల్ల యూనికోడ్ తెలుగు ఫాంట్లతో నేరుగా కూర్చడం సాధ్యమై, తెలుగు పరిశోధకులకు టెక్ మార్గం సుగమమైంది. అయితే జీటెక్‌లోనూ కొలతల హద్దు 1982 నాటిదే.

పీడీఎఫ్‌కు వేరే హద్దు ఉంది. అడోబీ అక్రొబాట్ ఒక దశలో పుట పొడవును 45 అంగుళాలకూ, నాలుగవ కూర్పు నుంచి 200 అంగుళాలకూ, అంటే 14,400 పాయింట్లకు, పరిమితం చేసింది. తరువాత పీడీఎఫ్ 1.6లో పాయింటు నిడివినే పుటపుటకూ మార్చుకొనే వీలు కల్పించడంతో ఆ లెక్క కాగితం మీద 381 కిలోమీటర్ల దాకా పోయింది. పుటల తయారీవారికి ఇది వినోదం తప్ప పెద్ద ప్రయోజనం కాదు.

అలవాటు ఎలా ఏర్పడింది

పై చరిత్రను వాడుకరి వైపు నుంచి చూస్తే ‘పంక్తి వెడల్పుకు సరిపెట్టు’ అనే అలవాటు ఎందుకు పాతుకుపోయిందో తెలుస్తుంది. దస్త్రం చెప్పే పరిమాణాన్ని నమ్మితే ఒక బొమ్మ పుటలో మూలకు చేరుతుంది, ఒకటి పుటను దాటి గోడమీదికి పోతుంది, ఒకటి అసలు కూర్పునే ఆపేస్తుంది. వెడల్పు చెప్పేస్తే ఈ బాధలేవీ లేవు. దస్త్రంలో ఏ సాంద్రత ఉన్నా, లేకున్నా, ఆ ఆదేశం ముందు అన్నీ సమానమే. ఇది వ్యవస్థల అవిశ్వసనీయతకు వాడుకరులు కనిపెట్టిన తెలివైన విరుగుడు. బల్లమీది ప్రచురణ సాఫ్ట్‌వేర్లలో మౌసుతో మూల పట్టుకొని చట్రానికి సరిపోయేదాకా లాగడం కూడా ఇదే పని. నష్టమల్లా, బ్లాకు మేకరుకు పెన్సిలుతో రాసి పంపిన ఆ నిష్పత్తి ఇప్పుడు ఎవరూ నిర్ణయించనిదిగా, ఎక్కడా నమోదు కానిదిగా మారిపోవడం. యంత్రం లోపల ఆ సంఖ్య ఉంటుంది. లెక్కవేస్తుంది, వాడుకుంటుంది, వదిలేస్తుంది.

యంత్రచిత్రానికీ, రచయిత ఛాయాచిత్రానికీ ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. తాళపత్రానికి మాత్రం నష్టమే. తాటాకు సహజంగానే పొడవుకు వెడల్పు ఎన్నో వంతు. మన పుస్తకపు పుట ఆకారానికి పూర్తిగా అడ్డం తిరిగిన వస్తువు. కాబట్టి దాని బొమ్మను పుటకు ఇమిడ్చేటప్పుడు కుదింపు ఎప్పుడూ తీవ్రంగానే ఉంటుంది, ఆకు పొడవును బట్టి మారుతూ ఉంటుంది. పొడవైన ఆకు ఎక్కువ కుదించుకుంటుంది, పొట్టి ఆకు తక్కువ. అంటే పంక్తి వెడల్పుకు సరిపెట్టిన ఫలకాలలో అక్షర పరిమాణం ఆకు పొడవుకు విలోమంగా కనిపిస్తుంది. గంటపు గాటు మందం, పంక్తుల మధ్య ఎడం, అక్షరాల ఒత్తు వంటివి లేఖకుని గుర్తించడానికి మనం వాడే ఆధారాలు. అవన్నీ ఈ విలోమ నియమానికి లోబడి తారుమారవుతాయి. అక్షరం ఎత్తుకు వెడల్పుతో ఉన్న నిష్పత్తి వంటి లక్షణాలు మాత్రం చెడవు. ఏ ఆధారం చెడిందో, ఏది నిలిచిందో తెలియాలంటే కుదింపు ఎంతో తెలియాలి.

దీనికి పరిష్కారం సాఫ్ట్‌వేరులో కొత్తగా పుట్టనక్కరలేదు. గ్రాఫిక్స్ ప్యాకేజీలో వెడల్పుకు బదులు నిష్పత్తి చెప్పే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. చేయవలసినది, చేర్చడానికి ముందు ప్రతి దస్త్రంలోనూ సరైన సాంద్రతను తిరిగి రాయడం. అందుకు ఆకు అసలు పొడవు తెలిసి ఉండాలి. ఛాయాచిత్రం తీసేటప్పుడు ఆకు పక్కన కొలబద్ద పెట్టి ఉంటే పిక్సెళ్లను లెక్కించి సాంద్రతను రాబట్టవచ్చు. కొలబద్ద లేని పాత ఛాయాచిత్రాలకు గ్రంథాలయ సూచిలోని ఆకు కొలతలే శరణ్యం. కొన్ని సూచులలో అవి అంగుళాలలో, ప్రతి మొత్తానికి ఒకటిగా ఉంటాయి గనుక, వాటిమీద ఆధారపడిన ఫలకానికి ఆ సంగతి కూడా చెప్పాలి. ఒక ఆకును పూర్తిగా చూపడానికి కుదింపు మితిమీరితే, ప్యాకేజీలోనే ఉన్న కత్తిరింపు సదుపాయంతో ఆకును రెండు మూడు ఖండాలుగా, ఒకే నిష్పత్తిలో, ఒకదాని కింద ఒకటి వేయవచ్చు. తాడు కోసం పొడిచిన రంధ్రాల దగ్గర ఖండిస్తే చదువరికి ఆకు తిరిగి కలుపుకోవడం తేలిక.

ఇంత చేసినా మిగిలే ఒక ఇబ్బంది ఉంది. సిద్ధాంత గ్రంథం పీడీఎఫ్‌గా చేతులు మారుతుంది. ‘కాగితానికి సరిపెట్టు’ అనే ఎంపికతో ముద్రిస్తే పుట మొత్తం కొద్దిగా కుదించుకుపోతుంది. అప్పుడు ‘నాలుగో వంతు’ అన్న మాట కూడా అబద్ధమే. కొలబద్ద బొమ్మలోనే ఉంటే ఆ బాధ లేదు, ఆకుతోపాటు అదీ కుదించుకుంటుంది గనుక. ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపాదకులకు ఈ సందేహం రాలేదు. వారి ఫలకం అచ్చయ్యాక మళ్లీ కొలత మారేది కాదు.

ఈ వ్యాసకర్త అధ్యాయంలో ఇద్దరు లేఖకుల వాక్యం తొలగిపోయింది. రెండు ఆకులనూ 0.23 నిష్పత్తిలో తిరిగి కూర్చగా మొదటిది 10.6 సెంటీమీటర్లు, రెండవది 7.4 సెంటీమీటర్లు వచ్చాయి. రెండవ ఆకు పక్కన మూడున్నర సెంటీమీటర్ల తెల్లని జాగా మిగిలింది. ముసాయిదా చూసిన ఒకరు బొమ్మ సరిగా అమరలేదని, కుడి అంచుదాకా లాగమని అక్కడ పెన్సిలుతో గీత గీశారు. ఆ జాగాను అలాగే ఉంచి, ఫలకం కింద నిష్పత్తిని, రెండు ఆకుల అసలు పొడవులను రాయడం జరిగింది.